పంతొమ్మిదేళ్ళ అంగుళాలు

కెస్లర్ లోయలో ఉండేది అరవైమంది మనుషులు, ఆరువేల ఆవులు. అంత చిన్న చోట ఇద్దరికి మాటల్లేకపోతే ఆ సంగతి ఆవులకి కూడా తెలిసిపోతుంది. మెర్లీన్ స్టోడార్డ్‌కీ, పొరుగు పొలం థేన్ గబ్లర్‌కీ మాటలు ఆగిపోయి పంతొమ్మిదేళ్ళయింది. ఆదివారం చర్చిలో ఆమె కుడివైపు బల్లల మీద కూర్చుంటే ఆయన ఎడమవైపు కూర్చునేవాడు. ఆరేళ్ళ కిందట ఆమె భర్త డేల్ పోయినప్పుడు థేన్ వచ్చాడు. చివరి వరసలో టోపీ చేత్తో పట్టుకుని నిలబడి, శవపేటిక కదలగానే ఎవరితోనూ పలకరింపు లేకుండా వెళ్ళిపోయాడు.

తగువంతా నీళ్ళ దగ్గరే మొదలైంది. కొండ అంచున రాళ్ళ మధ్య నుంచి వచ్చే హానా ఊటే రెండు పొలాలకీ ప్రాణం. ఊటనీళ్ళు కాలువలో అరమైలు నడిచి ఒక సిమెంటు తొట్టెలో పడతాయి. తొట్టెకి రెండు తలుపులు. ఆరు రోజులు స్టోడార్డ్‌ల వంతు, ఆరు రోజులు గబ్లర్‌ల వంతు. తాతల నాటి ఒప్పందం అది. పంతొమ్మిదేళ్ళ కిందటి ఆగస్టులో, చుక్క వాన పడని ఏడు, థేన్ వంతు రోజున తొట్టెలో నీళ్ళు సగానికి పడిపోయాయి. పైన ఎవరో కాలువ కట్ట తెంపారన్నాడు థేన్. ఆ ఎవరో ఎవరో కాదు, నువ్వేనని డేల్ మొహం మీదే అన్నాడు. నేను కాదన్నాడు డేల్. చేయీ చేయీ కలిసింది. షెరిఫ్ వంద మైళ్ళ నుంచి బండి తోలుకుంటూ వచ్చేసరికి ఒకరి పెదవీ, ఇంకొకరి చొక్కా చిరిగి ఉన్నాయి.

ఆ మర్నాటి నుంచి రెండిళ్ళవాళ్ళూ కాపలాకి దిగారు. తొట్టె లోపలి గోడకి ఇనప కొలబద్ద ఒకటి బిగించి ఉంది. పొద్దున్న ఆరింటికి స్టోడార్డ్‌లు వెళ్ళి నీళ్ళెన్ని అంగుళాలున్నాయో చూసి నోటుబుక్కులో రాసుకునేవాళ్ళు. సాయంత్రం అయిదింటికి థేన్ వెళ్ళి తన నోటుబుక్కులో రాసుకునేవాడు. మంచు పడ్డా, జ్వరమొచ్చినా, క్రిస్మస్ అయినా మానలేదు. డేల్ పోయాక కూడా మెర్లీన్ మానలేదు. ఒక్కరోజు మానితే ఆ ఒక్కరోజే థేన్ దొంగతనం చేస్తాడని ఆమె గట్టి నమ్మకం.

ఆ ఏడు ఫిబ్రవరిలో జిల్లా వారపత్రికలో చిన్న అక్షరాలతో ఒక ప్రకటన పడింది. దక్షిణాన మూడువందల మైళ్ళ దూరంలో ఏటికేడు ఉబ్బిపోతున్న నగరం, కెస్లర్ లోయ నేల కింది నీళ్ళని గొట్టంలో తోడుకుపోవడానికి ప్రభుత్వాన్ని అనుమతి అడిగింది. అంతకు అయిదేళ్ళ ముందే ఆ నగరం వాళ్ళు లోయ ఉత్తరపు చివర రెండు పశువుల క్షేత్రాలు కొన్నారు. ఎందుకు కొన్నారో అప్పుడు ఎవరికీ అంతుపట్టలేదు. ఇప్పుడు పట్టింది.

మార్చిలో నగరం నీటి శాఖ వాళ్ళు స్కూలు ఆటల హాలులో సభ పెట్టారు. రంగురంగుల పటాలు గోడకి తగిలించారు. బల్ల మీద బిస్కెట్లు, రెండు పెద్ద పాత్రల నిండా కాఫీ పెట్టారు. కాఫీ ఎవరూ ముట్టలేదు. 

"మన మతంలో కాఫీ తాగకూడదని కూడా కనుక్కోని వాళ్ళు, మన నేల కింద ఏముందో కనుక్కున్నారట" అంది రోండా గట్టిగానే. హాలంతా నవ్వింది.

రోండా మెర్లీన్ అక్క కూతురు. రోజుకి రెండువందల మైళ్ళు తిరిగి లోయకి ఉత్తరాలు పంచే మనిషి. ఎవరింట్లో ఎవరికి ఏ జబ్బో, ఏ ఆవు ఈనిందో ఆమెకి తెలియకుండా ఉండదు. అందుకే ఎవరూ ఎన్నుకోకుండానే ఈ పోరాటానికి ఆమె పెద్దదిక్కయింది.

నీటి శాఖ నిపుణుడు కుర్రాడే, మర్యాదస్తుడే. "మేం తీసుకునేది లోతు రాతిలో ఉన్న నీళ్ళండీ. మీ ఊటలవి వేరే నీళ్ళు. వాటికేం కాదు" అన్నాడు.

"కుండలో కూడు కుండలోనే ఉండాలి, మీ పిల్లాడు మాత్రం దుడ్డులా బలియాలి. అంతేనా బాబూ?" అన్నారు వెనక నుంచి ఎవరో.

కుర్రాడు ఎర్రబడ్డాడు. "నాలుగేళ్ళ కిందట ఉత్తరపు క్షేత్రంలో పంపు నడిపి పరీక్ష చేశాం. ఏ ఊటా తగ్గిన దాఖలా లేదు. తగ్గిందని మీరంటే కొలతలు చూపించండి. ఈ లోయ ఊటల మీద ఎవరైనా ఏళ్ళ తరబడి రాసిపెట్టిన కొలతలు మాకు ఎక్కడా దొరకలేదు."

"మా కళ్ళతో చూశాం కదయ్యా."

"కళ్ళతో చూసింది విచారణలో నిలబడదండీ" అన్నాడు కుర్రాడు, కాస్త బాధగానే.

మెర్లీన్ చూపు తనకి తెలియకుండానే ఎడమవైపుకి వెళ్ళింది. థేన్ బూట్ల వంక చూసుకుంటూ కూర్చున్నాడు.

మర్నాడు ఉత్తరాలిచ్చే నెపంతో రోండా వంటింట్లోకి వచ్చి కూర్చుంది. "పిన్నీ, నీ దగ్గర పుస్తకాలున్నాయి కదా."

"ఏం పుస్తకాలు?"

"నా దగ్గరా నాటకాలు? రోజూ పొద్దున్నే చలిలో నువ్వు తొట్టె మీదకి వంగేది నీళ్ళలో నీ మొహం చూసుకోడానికనుకున్నానా? పంతొమ్మిదేళ్ళ కొలతలే, పిన్నీ! దేశం మొత్తం వెతికినా దొరకవు."

"అవి బయటపెట్టేవి కావు. థేన్‌ని తిట్టిన తిట్లే ఉంటాయి సగం."

"తిట్టుకో. అంగుళాలుంటే చాలు."

"ఇవ్వను, రోండా. మళ్ళీ అడక్కు" అని మెర్లీన్ లేచి పొయ్యి వైపు తిరిగింది. రోండా ఉత్తరాలు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

తిట్లు కాదు కారణం. మొదటి పుస్తకంలో, దెబ్బలాట మర్నాడు, ఆగస్టు తొమ్మిదో తారీకు దగ్గర, డేల్ చేతిరాతతో మూడు ముక్కలున్నాయి. "కట్ట నేనే తెంపాను. నాలుగు గంటలు. గడ్డి చచ్చిపోతోంది." డేల్ పోయిన నెలకి పాత పుస్తకాలు సర్దుతుంటే అది ఆమె కంటపడింది. పదమూడేళ్ళు మొగుడి పక్షాన నిలబడి థేన్‌ని అబద్ధాలకోరని ఊరంతా చాటింది తనే. ఆ తరవాత ఆరేళ్ళు నోరు కుట్టేసుకుంది కూడా తనే.

ఆ వారం ఆమె ఉత్తరం వైపు ఒక ఎద్దు కోసం వెళ్ళింది. నగరం కొన్న క్షేత్రం పక్కనుంచే దారి. ఒకప్పుడు అక్కడ లూసర్న్ గడ్డి నడుం ఎత్తు పెరిగేది. ఇప్పుడు నీళ్ళు ఆపేశారు. పొలం ఉప్పు తేలి తెల్లబారి ఉంది. గాలికి దొర్లుకొచ్చిన ముళ్ళకంపలు కంచె ఎత్తున పేరుకున్నాయి. వాకిట్లో పిల్లల ఉయ్యాల గొలుసు ఒక్కటే ఊగుతోంది. మెర్లీన్ బండి ఆపి చాలాసేపు అక్కడే ఉండిపోయింది.

ఇంటికొచ్చి మొదటి పుస్తకం తీసింది. ఆ ఒక్క పేజీ కోసెయ్యడానికి కత్తి కూడా తెచ్చుకుంది. పేజీ వెనకవైపు ఇంకో పదిరోజుల కొలతలున్నాయి. డేల్ తొమ్మిదంకె వేసే తీరు, తోక కిందకి లాగి, అలాగే ఉంది. ఆమె కత్తి పక్కన పెట్టేసింది. పుస్తకాన్ని రుమాల్లో చుట్టుకుని, పట్టపగలు, ఊరందరూ చూసేలా థేన్ ఇంటి దారి పట్టింది.

థేన్ కొట్టం ముందు గడ్డిమోపుల మిషను కింద దూరి ఉన్నాడు. బూట్లు మాత్రమే కనిపిస్తున్నాయి. 

"బ్రదర్ గబ్లర్" అంది.

బూట్లు కదలడం ఆగిపోయింది. "ఎవరదీ?"

"తెలియనట్టు అడక్కు."

ఆయన బయటికి వచ్చాడు. డెబ్బై ఒకటి నడుస్తున్నా మనిషి కంచెగుంజలా ఉన్నాడు. చేతులు తుడుచుకుంటూ, "ఎవరైనా చచ్చారా, సిస్టర్ స్టోడార్డ్?" అన్నాడు.

"లేదు. ఇది చదువు." 

ఆయన కళ్ళజోడు వెతుక్కుని పెట్టుకుని చదివాడు. మూడు ముక్కలు చదవడానికి అంతసేపు పడుతుందా అనిపించింది ఆమెకి. 

"నీకెప్పటినుంచి తెలుసు?"

"ఆరేళ్ళ నుంచి."

"ఆరేళ్ళు చర్చిలో అవతలి బల్లల మీద కూర్చుని పాటలు పాడావు."

"పాడాను."

థేన్ కళ్ళజోడు తీసేశాడు. "ఒకటి చెప్పనా? డేల్ పోయిన రోజున ఆ చివర నిలబడి నేనేం చేశానో తెలుసా? క్షమించమని అడిగాను. నేనే పొరబడ్డానేమో, వాడి మీద నింద వేశానేమో అని. శవాన్ని క్షమాపణ అడిగాను, మెర్లీన్!"

"తప్పయిపోయింది" అంది ఆమె. "ఆయన తరఫునా, నా తరఫునా. అది చెప్పడానికే వచ్చాను."

ఆయన పుస్తకం తిరిగి ఇచ్చేసి వెనక్కి తిరిగాడు. అక్కడితో ఆమె వెళ్ళిపోవలసింది. కానీ సిగ్గు ఎంతున్నా మెర్లీన్ మెర్లీనే.

"అయినా నువ్వేం తక్కువ తిన్నావులే. నాలుగేళ్ళ కింద అక్టోబరులో నెలంతా పైన గొట్టం పెట్టి లాక్కోలేదూ? అంతా రాసిపెట్టాను."

థేన్ గిర్రున తిరిగాడు. "నేనా? అక్టోబరులోనా? ఆ నెల లాగింది నువ్వు! కట్ట పొడుగునా వెతికాను. గొట్టం ఎక్కడ పాతావో దొరకలేదు."

"నేనూ వెతికాను! మోకాళ్ళ మీద పాక్కుంటూ వెతికాను!"

"పుస్తకం తీసుకొస్తానుండు. నీ దొంగతనం తారీకులతో సహా చూపిస్తాను."

"తీసుకురా! నాదీ తెస్తాను!"

అరగంటలో ఇద్దరూ థేన్ వంటింటి బల్లకి అటూ ఇటూ కూర్చున్నారు. ఆయన అక్టోబరు మూడో తారీకు వేలు పెట్టి చూపించాడు. "ఇదిగో. పద్నాలుగు అంగుళాల నుంచి పదమూడున్నర. పక్కన రాశాను, 'మెర్లీన్ మొదలెట్టింది' అని."

మెర్లీన్ తన పుస్తకం తిప్పింది. అక్టోబరు మూడు. పదమూడున్నర. పక్కన, "థేన్ చేతివాటం." 

అయిదున పదమూడు. ఇద్దరివీ అంతే. ఎనిమిదిన పన్నెండుంబావు. ఇద్దరివీ అంతే. పదహారో తారీకు నుంచి మెల్లగా పైకి. మళ్ళీ పద్నాలుగు అయ్యేసరికి జనవరి. ఒకరి తిట్ల పక్కన ఇంకొకరి తిట్లు, ఒకరి అంకెల పక్కన అవే అంకెలు. ఇద్దరూ తలలెత్తి ఒకరినొకరు చూసుకున్నారు.

"నువ్వు తియ్యలేదు" అన్నాడు థేన్.

"నువ్వూ తియ్యలేదు" అంది మెర్లీన్.

"మరెవరు?"

ఆ సమయానికి రోండా ఉత్తరాల బండి వాకిట్లో ఆగింది. పిన్ని ట్రక్కు థేన్ వాకిట్లో కనిపించేసరికి ఇంజను కూడా ఆపకుండా దిగింది. పరిగెత్తుకుంటూ లోపలికి వచ్చి, "ఎవరు ఎవర్ని చంపారు?" అంది.

"రోండా, నాలుగేళ్ళ కిందట ఆ ఉత్తరపు క్షేత్రంలో పంపు ఎప్పుడు నడిపారు?" అడిగాడు థేన్.

"అక్టోబరులో. వేటగాళ్ళొచ్చే ముందు. ఆ పంపు కుర్రాళ్ళకి ఉత్తరాలు మోసింది నేనే కదా. రెండో తారీకున వచ్చి పద్నాలుగు రోజులున్నారు. ఏం?"

వాళ్ళు పుస్తకాలు ఆమె వైపు తిప్పారు. రోండా మూడో తారీకు నుంచి పదహారు దాకా రెండు పుస్తకాల మీదా వేలు జరిపి చూసింది.

అంతటితో అంతా అయిపోలేదు. రోండా వెళ్ళాక థేన్ నీళ్ళు నమిలాడు. "నేను అమ్మేస్తానని నగరం వాళ్ళకి మాటిచ్చాను, మెర్లీన్. సంతకం పెట్టలేదనుకో. మా అమ్మాయి కెల్సీ ఆ నగరంలోనే నర్సు. నా మనవలు ఆ కుళాయి నీళ్ళే తాగుతున్నారు. వాళ్ళ నోటి దగ్గరవి లాగెయ్యమంటావా?"

మెర్లీన్ తన పుస్తకం మూసింది. "పిల్లలు తాగడానికి ఎవరొద్దన్నారు? నా దగ్గర దీనికి మంచి జవాబు లేదు, థేన్. కానీ ఈ నీళ్ళు కొత్తగా పుట్టేవి కావు కదా. ఎప్పటివో మంచు కరిగి దిగిన నీళ్ళు. రెండు వారాలు తోడితే మళ్ళీ నిండటానికి మూడు నెలలు పట్టింది. ఏళ్ళ తరబడి తోడితే మనకీ ఉండవు, వాళ్ళకీ ఉండవు. ఆ సంగతి నీ మనవలకైనా ఎవరో ఒకరు చెప్పాలి."

ఆమె వెళ్ళేటప్పుడు ఆయన గుమ్మందాకా వచ్చాడు.

విచారణ అక్టోబరులో, రాష్ట్ర రాజధానిలో. ఎనిమిది గంటల ప్రయాణం. బయల్దేరే రోజు తెల్లవారేసరికి థేన్ మెర్లీన్ వాకిట్లో నిలబడి ఉన్నాడు. చంకలో అట్టపెట్టె, అందులో పంతొమ్మిది పుస్తకాలు. 

"కనుమల దగ్గర నా కళ్ళు సరిగ్గా ఆనవు. నువ్వు తోలు. పెట్రోలు నేను పోయిస్తాను" అన్నాడు. 

మొదటి వంద మైళ్ళూ ఇద్దరూ మాట్లాడలేదు. పంతొమ్మిదేళ్ళ అలవాటు ఊరికే పోదు. సేజ్ పొదలు, ఎండిన ఉప్పు మడుగు, ఒక కనుమ, మళ్ళీ సేజ్ పొదలు. రెండో కనుమ ఎక్కుతుంటే థేన్, "నీ తోలుడుకి ఆవులైతే దూకేసేవి" అన్నాడు. "దూకు మరి, తలుపు తెరిచే ఉంది" అంది ఆమె. ఆ తరవాత ఆగలేదు. డేల్ చేసిన పిచ్చిపనులు, థేన్ భార్య బతికున్నప్పుడు చేసే పీచ్ పళ్ళ కేకు, స్కూల్లో ఎవరు ఎవర్ని ప్రేమించారు. ఒకచోట డేల్ ఆగస్టు సంగతి వచ్చింది. "నా గడ్డీ చస్తే నేనూ కట్ట తెంపేవాణ్ణేమో. కానీ రాసుకునేవాణ్ణి కాదు" అన్నాడు థేన్. మెర్లీన్‌కి రోడ్డు మసకబారింది. బండి పక్కకి ఆపి కళ్ళు తుడుచుకుంది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

విచారణ గదిలో తీర్పు చెప్పే అధికారి ఎత్తు బల్ల వెనక కూర్చున్నాడు. నగరం తరఫు లాయరు సన్నటి గొంతు మనిషి. మెర్లీన్ చెప్పిందంతా విని, మొదటి పుస్తకం తెరిచాడు. 

"మిసెస్ స్టోడార్డ్, ఇందులో మీ వారు పొరుగువాళ్ళ నీళ్ళు దొంగిలించానని స్వయంగా రాశారు. అవునా?"

గదిలో గుసగుసలు. కెస్లర్ నుంచి వచ్చిన ఇరవైమందీ వెనక కూర్చుని ఉన్నారు.

"అవునండీ."

"అలాంటి ఇంటి పుస్తకాన్ని మేం నమ్మాలా?"

"తన దొంగతనం తనే రాసుకున్న మనిషి, అంగుళాల దగ్గర అబద్ధం రాస్తాడా బాబూ?" అంది మెర్లీన్. 

అధికారి పెన్ను ఆపి ఆమెని చూశాడు. తరవాత థేన్‌ని పిలిచారు. 

"మిస్టర్ గబ్లర్, మీరూ మిసెస్ స్టోడార్డ్ కలిసి ఈ కొలతలు తీశారా?" అడిగాడు లాయరు.

"కలిసా?" థేన్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "పంతొమ్మిదేళ్ళు ఈవిడకీ నాకూ మాటల్లేవయ్యా. ఈవిడ తప్పుడు లెక్క రాస్తే పట్టుకోవాలనే నేను రాసింది."

"మరి ఎన్ని తప్పులు పట్టుకున్నారు?"

"ఒక్కటీ దొరకలేదు. అదే నా ఏడుపు."

గదంతా ఘొల్లుమంది. నీటి శాఖ కుర్రాడు మాత్రం నవ్వలేదు. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని, అక్టోబరు పేజీలు తిప్పుతూ, తన కాగితాల మీద ఏదో రాసుకుంటున్నాడు. మధ్యాహ్నం విరామంలో అతనే మెర్లీన్ దగ్గరికి వచ్చాడు. "ఇవి ముందే నా దగ్గరుంటే ఆ లెక్క అలా వేసేవాణ్ణి కాదండీ. మా వాళ్ళకి ఆ మాట చెప్తాను" అన్నాడు. ఆమె సంచిలో ఉన్న ఆపిల్ తీసి అతని చేతిలో పెట్టింది.

తీర్పు రావడానికి అయిదు నెలలు పట్టింది. అది వచ్చిన పొద్దున మెర్లీన్ కొట్టంలో తొలిచూలు ఆవు పక్కన మోకాళ్ళ మీద ఉంది. అడ్డం తిరిగిన దూడని అప్పుడే సరిచేసింది. థేన్ దూడ కాళ్ళకి కట్టిన గొలుసు బిగబట్టి ఉన్నాడు. రోండా కవరు ఊపుకుంటూ లోపలికి వచ్చింది. 

"వచ్చింది పిన్నీ, వచ్చింది!"

"చదువు! చేతులు ఖాళీ లేవు. థేన్, ఇప్పుడు లాగు, మెల్లగా."

రోండా మొదటి పేజీ గబగబా చదివి, రెండో పేజీలో ఆగింది. "కెస్లర్ లోయ దరఖాస్తు తిరస్కరించడమైనది. ఇప్పటికే హక్కులున్న ఊటలకి నష్టం జరగదని దరఖాస్తుదారు రుజువు చెయ్యలేకపోయారు. పొరుగున ఉన్న ఇద్దరు రైతులు విడివిడిగా ఉంచుకున్న దైనందిన కొలతలు..." ఆమె కాగితం మడిచేసింది. "మిగతాది మీరే చదువుకోండి."

"వాళ్ళు కోర్టుకి వెళ్తారా?" అడిగాడు థేన్, గొలుసు వదలకుండా.

"వెళ్తారట. వాళ్ళ లాయరు చెప్పాడు. ఏళ్ళు పట్టచ్చట."

"పట్టనీ. మళ్ళీ వెళ్దాం. దారి తెలిసిందిగా" అంది మెర్లీన్.

"కెల్సీ నిన్న ఫోన్ చేసింది" అన్నాడు థేన్. "నీళ్ళు ఆదా చెయ్యడానికి ఇంటి ముందు పచ్చిక పీకేసి రాళ్ళు, ముళ్ళ మొక్కలు వేశారట. వాళ్ళ వీధిలో సగం ఇళ్ళు అలాగే చేశాయట. వేసవిలో పిల్లల్ని ఇక్కడికి పంపుతానంది. పొలం ఎప్పుడమ్ముతావని అడగలేదు ఈసారి."

ఆవు ఒక్కసారి మూలిగింది. ముందు రెండు గిట్టలు, వాటి మీద ఆనించిన మూతి, ఆ తరవాత మొత్తం దూడ గడ్డిలోకి జారిపడింది. మెర్లీన్ ముక్కులో జిగురు తుడిచి, గడ్డిపరకతో గిలిగింత పెట్టింది. దూడ తుమ్మింది. తల్లి తిరిగి నాకడం మొదలుపెట్టింది. 

ముగ్గురూ గోడకి చేరగిలబడి, వణుకుతూ లేచి నిలబడబోతున్న దూడని చూస్తూ కూర్చున్నారు. ఉత్తరాలు పంచడానికి ఆలస్యమవుతోందని రోండాకి గుర్తుంది గానీ, కదలబుద్ధి కాలేదు. 

"ఆడదా, మగదా?" అడిగింది కాసేపటికి.

"ఆడదే" అన్నాడు థేన్. "గట్టి ఘటం. చూడు, అప్పుడే నిలబడింది."